వెయ్యి పూసలు, ఒక తప్పిపోయిన బాణం: మాంటిస్సోరి గదిలో చివరి ఆరు వారాలు

పోయిన ఏడాది మార్చిలో మా పింక్ టవర్‌లోని చిన్న ఘనం పోయింది. టవరంటే పిల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చే పది గులాబీ రంగు ఘనాలు. పెద్దది పది సెంటీమీటర్లు, చిన్నది ఒక్క సెంటీమీటరు. మాంటిస్సోరి గదుల్లో, అంటే పిల్లలు తమ పని తామే ఎంచుకుని చేసుకునే బళ్లలో, ఆ చిన్నది పోవడం వింతేమీ కాదు. ఎవరి జేబులోనో వెళ్లిపోతుంది, లేదంటే చీపురుతో పోతుంది. కానీ మా గదిలో అప్పటికి నాలుగేళ్లుగా అది పోలేదు. మూడేళ్ల పిల్లలు కూడా అది షెల్ఫులోకి చేరిందో లేదో చూసుకుని మరీ చాప చుట్టేవారు. మరి ఆ వారం ఏమైందని డైరీ తిరగేస్తే కనిపించింది: యాన్యువల్ డే డాన్సు ప్రాక్టీసు, మూడో వారం.

ఈ కేస్ స్టడీకి మూలం ఆ ఘనమే. మాది రాజమహేంద్రవరంలో ఒకే ఒక్క పెద్ద గది, ముందు గ్రిల్ వేసిన వరండా ఉన్న చిన్న బడి. రెండున్నర నుంచి ఆరేళ్ల దాకా 24 మంది పిల్లలు, అందరూ కలిసే ఉంటారు. నేను, ఒక అసిస్టెంట్ టీచరు, ఒక ఆయమ్మ. ఈసారి జూన్‌లో ఒకటో తరగతికి వెళ్లిపోయేవాళ్లు తొమ్మిది మంది. మార్చి రెండో వారం నుంచి సెలవులిచ్చే దాకా, ఆరు వారాలపాటు మేం ఏం మార్చామో, ఏం పనిచేసిందో, ఏం బెడిసికొట్టిందో రాస్తున్నాను. పిల్లల పేర్లు రాయను. చేసిన పనిని బట్టి పిలుచుకుంటాను.

ముందు పోయిన ఏడాది సంగతి. ఫిబ్రవరి ఆఖర్లో రెండు పాటలు ఎంచుకున్నాం. రోజుకి అరగంట చాలనుకున్నాం. రెండో వారానికి అది గంటన్నర అయింది. మాంటిస్సోరి గదిలో ఉదయం మూడు గంటలు పిల్లల్ని కదిలించకూడదని ట్రైనింగ్‌లో మొదటే చెప్తారు. దానికో కారణం ఉంది. పిల్లలు రాగానే చేతికి అలవాటైన తేలిక పని తీసుకుంటారు. పది గంటల ప్రాంతంలో గదంతా గోలగోల అయిపోతుంది. ఒకరు కిటికీ దగ్గర, ఇద్దరు నీళ్ల కుండ దగ్గర, ఒకరు ఊరికే తిరుగుతూ. కొత్త టీచరైతే వీళ్ల ఓపిక అయిపోయింది, బయటికి వదిలేద్దాం అనుకుంటుంది. అది నిజమైన అలసట కాదని ఈ పద్ధతి మొదలుపెట్టిన మరియా మాంటిస్సోరి ఏనాడో గమనించింది. ఆ పావుగంట పెద్దవాళ్లు నోరు మూసుకుని కూర్చోగలిగితే, దాని వెనకే పిల్లలు ఆ రోజులోకల్లా పెద్ద పనిలోకి దిగుతారు. మేం సరిగ్గా ఆ పావుగంటలోనే "రండమ్మా, డాన్సుకి టైమైంది" అని లేపేవాళ్లం.

మూడు వారాల్లో గది మారిపోయింది. తోసుకోవడాలు, లాక్కోవడాలు, రెండు గాజు జగ్గులు పగలడం, ఆ ఘనం పోవడం. పెద్దపిల్లల్లో నలుగురు అక్షరాల పెట్టెతో మాటలు పేర్చడం మొదలుపెట్టి సగంలో వదిలేశారు. స్టేజీ మీద మూడేళ్ల పాప ఒకతి కాగితం పూల కిరీటంతో పాట అయ్యేదాకా ఏడుస్తూ నిలబడితే జనం ముద్దుగా ఉందని చప్పట్లు కొట్టారు. ప్రోగ్రాం అయ్యాక ఒక తండ్రి నా దగ్గరికొచ్చి, "అంతా బాగుందండీ. ఇంతకీ మావాడికి ఏమొచ్చండీ?" అని అడిగారు. వెటకారం కాదు, నిజంగానే అడిగారు. నేను చెప్పిన జవాబు నాకే నచ్చలేదు.

అందుకని ఈ ఏడాది డాన్సు మానేశాం. గౌను, టోపీ, మెడల్ ఉండే గ్రాడ్యుయేషన్ కూడా వద్దనుకున్నాం. 1907లో రోమ్‌లో తన మొదటి బడి పెట్టినప్పుడే, పనిలో మునిగిన పిల్లలకి బహుమతులు పట్టవని కనిపెట్టిన మనిషి పేరు బోర్డు మీద పెట్టుకుని, ఏడాది చివర మెడల్ వేయడం నాకు ఎప్పుడూ ఇబ్బందిగానే ఉండేది. (బోర్డు మీద ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు, అడిగేవాళ్లు లేరు. మన ఊళ్లలో ఆ బోర్డు ఉండి లెక్కలు నేర్పే పూస ఒక్కటి కూడా లేని బళ్లు ఎన్ని లేవు!) ఒంటిపూట బడులు మొదలయ్యాక టైమింగ్ ఎనిమిది నుంచి పన్నెండు అయింది. ఎనిమిదింపావు నుంచి పదకొండుంపావు దాకా ఎవరూ, ఏ కారణానికీ ముట్టుకోకూడదని గోడ మీద రాసి పెట్టాం. పిల్లల కోసం కాదు, మా కోసం.

తర్వాత ఒక నోట్‌బుక్ కొని, ఒక్కో పిల్లకి ఒక్కో పేజీ కేటాయించి, మొదలుపెట్టి వదిలేసిన పనులు మాత్రమే రాశాం. సిలబస్ ఎంత మిగిలిందని కాదు. ఏది ఇష్టపడి పట్టుకుని మధ్యలో వదిలేశారో అది. ఆ చిట్టా చూశాక ఒక సంగతి బయటపడింది. మిగిలిపోయినవన్నీ కష్టమైన పనులు కావు, పొడుగు పనులు. ఒక పూటలో అవ్వనివి. రెండో రోజుకి ఉంచడానికి మా గదిలో చోటుండేది కాదు, ఓపిక అంతకన్నా ఉండేది కాదు. రోజూ పన్నెండింటికి అన్నీ సర్దేయించేవాళ్లం. పని సగంలో ఆపించింది మేమే.

వెయ్యి గొలుసు

ఇక్కడ కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ ఆరు వారాల్లో నేను నేర్చుకున్నదంతా దాదాపు ఇందులోనే ఉంది.

వెయ్యి గొలుసంటే పది పూసల కడ్డీలు వంద, ఒకదానికొకటి తగిలించి ఉంటాయి. ప్రతి వంద పూసల దగ్గరా కాస్త పెద్ద రింగు. పరిస్తే తొమ్మిది మీటర్లకి కాస్త అటూఇటూ వస్తుంది. దాంతోపాటు అంకెలు రాసిన చిన్న బాణాలు. ఒకటి నుంచి తొమ్మిది దాకా ఆకుపచ్చవి తొమ్మిది, పదులకి నీలంవి తొంభై, వందలకి ఎర్రవి తొమ్మిది, వెయ్యికి మళ్లీ ఆకుపచ్చది ఒకటి. మొత్తం 109. పిల్ల ముందు గొలుసుని మడిచి పది చదరాలు చేస్తుంది, వెయ్యి పూసల ఘనం పక్కన పెట్టి చూస్తుంది, తర్వాత బారుగా పరిచి లెక్కపెట్టుకుంటూ బాణాలు పెడుతుంది. మా గది పొడవు చాలదు. గొలుసు గుమ్మం దాటి వరండాలోకి వెళ్తుంది. వరండా పడమటి వైపు కాబట్టి పదకొండు దాకా నీడే.

ఐదేళ్ల ఎనిమిది నెలల పాప, గొలుసు పాప అంటాను, డిసెంబర్లో రెండుసార్లు ఇది తీసి రెండుసార్లూ రెండు వందల దగ్గర సర్దేసింది. మార్చి మూడో వారంలో ఒక మంగళవారం ఎనిమిదిన్నరకి మళ్లీ తీసింది. నేను వెళ్లి ఒకటే చెప్పాను: "ఇవాళ అవ్వకపోతే తియ్యక్కర్లేదు. రేపటిదాకా ఇలాగే ఉంచుదాం." నా మొహం కాసేపు చూసి, "రాత్రి కూడానా అక్కా?" అంది. రాత్రి కూడా అన్నాను. గ్రిల్‌కి తాళం ఉంది, కుక్కలు రావు.

మామూలుగా ఇంగ్లిష్‌లో లెక్కపెట్టే పాప ఆ రోజు తెలుగులోకి మారింది. ఎందుకో అడగలేదు. వింటుంటే నాకొకటి తట్టింది. థర్టీన్, థర్టీల దగ్గర మా పిల్లలు ప్రతి ఏడూ తికమకపడతారు. తెలుగులో పదమూడు, పద్నాలుగు, పదిహేను అని పది ముందే వినిపిస్తుంది, తర్వాతే మిగతాది. పూసల కడ్డీ, పక్కన మూడు విడిపూసలు ఎలా కనిపిస్తాయో మాట అలాగే ఉంది. అడ్డం వచ్చేది డెబ్భై. ముప్పైలో మూడు, నలభైలో నాలుగు ఎంతో కొంత వినిపిస్తాయి, డెబ్భైలో ఏడు చెవికి తగలదు. పాప అరవై తొమ్మిది దగ్గర ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ అరవై నుంచి వచ్చి, బాణం మీది 70 చూసి "ఆఁ, డెబ్భై" అంది. రెండో వందలోనూ అదే చోట ఆగింది. మూడో వంద నుంచి ఆగలేదు.

మొదటి రోజు 340 దాకా వచ్చింది. రెండో రోజు ఉదయం రాగానే చెప్పులు కూడా సరిగ్గా విప్పకుండా వరండాలోకి పరిగెత్తి, ఒకటి నుంచి మొదలుపెట్టింది. 340 దాకా బాణాలు పెట్టే ఉన్నాయి కదా, అక్కడి నుంచి మొదలుపెట్టమని నోటిదాకా వచ్చింది. నిజం చెప్పాలంటే నాకు టెన్షన్‌గా ఉంది, వారాంతానికి అయిపోతే బాగుండని. అసిస్టెంట్ టీచరు నా మోచెయ్యి పట్టుకుంది. ఆ రోజు పాప ప్రతి పూసా ముట్టుకుంటూ 610 దాకా వచ్చింది.

మూడో రోజు మారింది. ఒకటి దగ్గర కూర్చోలేదు. గొలుసు పక్కన నడుస్తూ ఎర్రబాణాలు మాత్రమే చూపిస్తూ "వంద, రెండొందలు, మూడొందలు" అనుకుంటూ ఆరొందలకి చేరి అక్కడ కూర్చుంది. అప్పటిదాకా వంద అంటే వంద పూసలు ముట్టుకోవడం. ఆ పూట నుంచి వంద అంటే ఒక అడుగు. ఇది నేను నేర్పింది కాదు. రెండో రోజు నేను నోరు తెరిచి ఉంటే జరిగేది కూడా కాదేమో.

ఇక అక్కడి నుంచి హడావుడి. పూసలు విడివిడిగా లెక్కపెట్టడం మానేసి, కడ్డీకి ఒక బాణం చొప్పున వరసలో ఉన్నది ఉన్నట్టు పెట్టుకుంటూ పోయింది. పదిన్నరకి 1000 అని రాసిన బాణం పెట్టి లేచి నిలబడింది. చూస్తే బాణం తర్వాత ఇంకా ఒక కడ్డీ ఉంది. పది పూసలు మిగిలాయి.

పాప ఆ పది పూసల్నీ చూసింది, నన్ను చూసింది. నేను కిటికీ బయట కాకిని చూస్తున్నట్టు నటించాను. కాసేపటికి వెనక్కి నడవడం మొదలుపెట్టింది. తొమ్మిదొందల ఎర్రబాణం పెద్ద రింగు దగ్గర లేదు, ఒక కడ్డీ ముందే ఉంది. ఎనిమిదొందలదీ అంతే. ఏడొందలది సరిగ్గా రింగు దగ్గరే ఉంది. అక్కడ చతికిలబడి చూపుడు వేలితో చదువుకుంటూ పోయింది: "ఏడొందల పది, ఏడొందల ఇరవై, ఏడొందల నలభై..." ఆగింది. "ముప్పై ఏదీ?"

730 లేదు. చాప కింద లేదు, పెట్టెలో లేదు. పాప గదంతా తిరిగి అందర్నీ అడిగింది. మూడేళ్ల బాబు ఒకడు తన సంచి ముందు జిప్పు తీసి, నాలుగు చింతపిక్కలు, ఒక రబ్బరు బ్యాండు, ఆ నీలం బాణం తీసి ఇచ్చాడు. మొదటి రోజు తీసుకున్నాడట. వాడికి అది బస్సు టికెట్టు.

పాప వాణ్ణి ఏమీ అనలేదు. వెళ్లి 730 సరైన చోట పెట్టి, 740 నుంచి 1000 దాకా 27 బాణాల్ని ఒక్కొక్కటే ఒక కడ్డీ ముందుకి జరిపింది. ఆఖరి బాణం ఆఖరి పూస దగ్గర పెట్టాక కూడా ఎవర్నీ పిలవలేదు. నీళ్లు తాగొచ్చి, గొలుసు పక్కనే చాప మీద పడుకుంది. టికెట్ బాబు కాసేపు ఆమె పక్కన కూర్చున్నాడు.

ఎవరైనా ఈ పనిని ఇలా పెట్టాలనుకుంటే ఒక మాట. గొలుసు రాత్రి ఉంచినప్పుడు ఆయమ్మతో ముందే మాట్లాడి పెట్టుకోండి. మా ఆయమ్మ రెండో రోజు గొలుసు చుట్టూ గడపకి ముగ్గు వేసినంత జాగ్రత్తగా ఊడ్చింది. అలా కాక మామూలుగా ఊడ్చి ఉంటే ఈ కథ లేదు.

"ఎడ వచిది"

అక్షరాల పెట్టె బాబుకి ఐదేళ్ల పది నెలలు. పెన్సిల్ పట్టుకోవడమంటే ఇష్టం లేదు. మాటలు చెప్పడమంటే మాత్రం ఆపలేం. ఇలాంటి పిల్లల కోసమే మూవబుల్ ఆల్ఫబెట్ ఉంది. చెయ్యి తయారవ్వకపోయినా మనసులోని మాటని అక్షరాలు పేర్చి బయటపెట్టొచ్చు. ఇంగ్లిష్‌కి అది రెడీమేడ్‌గా దొరుకుతుంది, 26 ఆకారాలు, అంతే. తెలుగుకి మేమే కోసుకున్నాం. హల్లులు గులాబీ రంగు ఫోమ్ షీట్‌తో, అచ్చులూ గుణింతపు గుర్తులూ నీలంతో. తలకట్టు విడిగా తీసేసేలా కోశాం. లేకపోతే గుడి పెట్టినప్పుడు తలకట్టు కూడా మీదే ఉండిపోతుంది. మ, య లకి గుడి పెడితే ఆకారమే మారిపోతుంది కాబట్టి మి, యి ముక్కలు విడిగా కోయాల్సి వచ్చింది. వత్తులు ఇంకో తలనొప్పి. గ, డ లాంటి వాటికి వత్తు చూస్తే అక్షరం గుర్తొస్తుంది. త, న, మ, య, ర, ల వత్తులకి అసలు అక్షరంతో పోలికే ఉండదు. అందుకే వత్తుల్ని వేరే డబ్బాలో పెట్టి, అడిగినవాళ్లకే ఇచ్చేవాళ్లం.

ఈ బాబు చిట్టాలో నవంబర్ నుంచి ఒకే మాట: "మూడు అక్షరాల మాటల దగ్గర ఆగాడు." మార్చి చివర్లో ఒక రోజు కిటికీ దగ్గర చాప వేసుకుని, ఎవరూ అడక్కుండా, "ఎడ వచిది" అని పేర్చాడు. ఎండ వచ్చింది. సున్నాలు లేవు, వత్తు లేదు, కానీ అది వాడి మొదటి వాక్యం. నేను చదివి, "అవును, వచ్చింది" అని కిటికీ తెర సగం వేశాను. వాడికి నవ్వాగలేదు. చాప మీద పెట్టిన రంగు ముక్కలు చూసి ఒక పెద్దమనిషి లేచి వెళ్లి తెర వేసింది మరి!

చాలా రోజుల తర్వాత వాళ్ల నాన్నగారు వచ్చినప్పుడు బాబు మళ్లీ అదే పేర్చి చూపించాడు. ఆయన జేబులోంచి పెన్ను తీయబోయి ఆగి నన్నడిగారు.

"తప్పు కదండీ? దిద్దరా?"

"వాడికి ఎలా వినిపించిందో అలా పెట్టాడండీ. ఇప్పుడే దిద్దితే పేర్చడం మానేస్తాడు. సున్నా, వత్తు విడిగా వేరే ఆటలో నేర్పుతాం."

"మీరు దిద్దరు సరే. జూన్‌లో అక్కడ ఎర్ర ఇంకుతో దిద్దుతారు కదండీ."

దానికి నా దగ్గర మంచి జవాబు లేదు, ఇప్పటికీ లేదు. మర్నాటి నుంచి శాండ్‌పేపర్ సున్నా (వేలితో దిద్దడానికి గరుకు కాగితంతో కోసింది) పట్టుకుని, ఎండ, గంప, వంకాయ, చెంబు అని చెవితో వెతికే ఆట రోజూ పది నిమిషాలు ఆడాం. సెలవులకి రెండ్రోజుల ముందు చాప మీద "ఎండ వచింది" కనిపించింది. సున్నాలు రెండూ వచ్చేశాయి. వత్తు రాలేదు. అలాగే పంపించాం.

అమ్మానాన్నలు చూడ్డానికి వచ్చిన రోజులు

యాన్యువల్ డే బదులు తల్లిదండ్రుల్ని మామూలు రోజున గదిలోకి పిలుద్దామన్నది నా ఆలోచనే. మొదటి ప్రయత్నం ఘోరంగా ఫెయిలైంది. అది కూడా నా తప్పే. శనివారం అందర్నీ ఒకేసారి రమ్మన్నాను. నలభై మందికి పైగా వచ్చారు. గోడల వెంట నిలబడి ఫోన్లు ఎత్తారు. పది నిమిషాల్లో గది మళ్లీ స్టేజీ అయిపోయింది. ఒక బాబు వాళ్లమ్మ వీడియో తీస్తోందని పింక్ టవర్ తొమ్మిదిసార్లు కట్టి తొమ్మిదిసార్లు పడేశాడు. చిన్నపిల్లలు అమ్మల చంకెక్కేశారు. గొలుసు పాప ఆ రోజు అసలు ఏ పనీ తీయలేదు, షెల్ఫుకి ఆనుకుని నిలబడింది. డాన్సు లేదన్న మాటే గానీ మిగతాదంతా అదే.

తర్వాతి సోమవారం నుంచి మార్చాం. రోజుకి మూడు కుటుంబాలు, ఎనిమిది రోజుల్లో 24 మందీ అయిపోయారు. ఫోన్లు గుమ్మం దగ్గర వెదురుబుట్టలో. గోడ పక్కన పీటలు వేసి, వాటి మీదే కూర్చోమన్నాం. నిలబడితే పెద్దవాళ్లు గదిలో చాలా పెద్దగా కనిపిస్తారు, పీట మీద కూర్చుంటే సామాన్లలో కలిసిపోతారు. అరగంట చూడ్డం మాత్రమే, మాట్లాడకూడదు. తర్వాత పిల్ల వచ్చి పిలిస్తే వెళ్లి, ఆ పిల్ల చెప్పే పాఠం నేర్చుకోవాలి. పిలవకపోతే లేదు. ఇద్దరు పిల్లలు పిలవలేదు. ఒక తల్లికి కళ్లనీళ్లొచ్చాయి, ఆవిడకి సర్దిచెప్పడానికి చాలాసేపు పట్టింది.

ఒక పాప వాళ్ల అమ్మమ్మని తీసుకొచ్చింది. ఆవిడకి చదువు రాదు. పాప శాండ్‌పేపర్ అక్షరాలు రెండు తెచ్చి, మేం ఎలా చెప్తామో అచ్చం అలాగే మూడు మెట్లలో చెప్పింది. "అమ్మమ్మా, ఇది మ. ఇది ల." కాసేపయ్యాక, "ల నాకివ్వు." ఆఖర్న, "ఇదేంటి?" అమ్మమ్మ రెండు వేళ్లతో గరుకు కాగితం మీద మ దిద్దుతూ, "మా అన్నయ్యలు ఇసకలో దిద్దేవోళ్లు, నన్ను కూకోనిచ్చేవోళ్లు కాదు" అంది. పాపకి అదేమీ పట్టలేదు. "అలా కాదు, ఇక్కణ్ణించి మొదలెట్టాలి" అని వేలు పట్టుకుని మళ్లీ దిద్దించింది.

ఇసుకలో, బియ్యంలో వేలితో దిద్దించడం మనకి ఎప్పటినుంచో ఉంది. మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయార్‌కి వచ్చి, యుద్ధం వల్ల ఏళ్ల తరబడి ఇక్కడే ఉండిపోయి, మన దేశపు టీచర్లెందరికో శిక్షణ ఇచ్చింది. గరుకు అక్షరాల గురించి ఇక్కడివాళ్లకి పెద్దగా నచ్చజెప్పాల్సిన పని ఉండి ఉండదని నాకు ఆ రోజు అనిపించింది.

మజ్జిగ

వచ్చిన పెద్దవాళ్లకి ఏదైనా పిల్లలే చేసి పెట్టాలనుకున్నాం. మొదట ఆవకాయ అన్నాను. ఆయమ్మ ఒప్పుకోలేదు. "కాయకి టెంక కట్టలేదండి. ఇప్పుడు పెడితే నెలకే మెత్తబడిపోద్దండి" అంది. ఆవిడ మాట నిజమే, అసలైన ఆవకాయ కాయ వచ్చేసరికి మాకు సెలవులు. అందుకని మజ్జిగ.

నాలుగేళ్ల కవ్వం బాబు గురించి చిట్టాలో "ఏ పని దగ్గరా ఐదు నిమిషాలు కూర్చోడు" అని రాసుంది. చిన్న చెక్క కవ్వం రెండు అరచేతుల మధ్య తిప్పడం వాడికి ఒక్కసారి చూపించాను. ఆ వారం రోజూ ఎనిమిదిన్నరకి వాడు కుండ ముందు ఉండేవాడు. మొదటి రోజు సగం పెరుగు నేల మీద. తుడవడం కూడా పనే కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. మూడో రోజు వెన్న నలకలు నలకలుగా తిరుగుతూనే ఉంది, ఉండ కట్టదు. ఏప్రిల్ వేడి. ఆయమ్మ ఫ్రిజ్ నీళ్లు ఒక గ్లాసు పోసింది. ఇంకో పది తిప్పులకి వెన్న కవ్వానికి చుట్టుకుంది. బాబు కవ్వం పైకెత్తి, "అక్కా, ఇది ఎక్కణ్ణించి వచ్చింది?" అని అరిచాడు. గదిలో పిల్లలంతా కుండ చుట్టూ మూగారు. ఆ రోజు వాడు కుండ దగ్గర 35 నిమిషాలు ఉన్నాడు, నేను గడియారం చూశాను.

ఉప్పు, కరివేపాకు వేసి గ్లాసుల్లో పోసి ట్రేలో పీటల దగ్గరికి తీసుకెళ్లింది మాత్రం మూడేళ్ల పిల్లలు. జూన్ నుంచి చిన్న జగ్గులతో బియ్యం, తర్వాత నీళ్లు ఒంపడం చేస్తున్నారు కదా, ఇదెందుకు అని అడిగిన పేరెంట్స్‌కి ఆ రోజు నేనేమీ చెప్పక్కర్లేకపోయింది. ఒలికింది రెండుసార్లే. అందులో ఒకటి ఒక నాన్నగారు ఒలకబోశారు.

ఒకటో తరగతి భయం

2020 జాతీయ విద్యా విధానం ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలంటోంది. మాకు అది మేలే చేసింది. ఎందుకంటే మా పద్ధతిలో మూడో ఏడాదే అసలైనది, ఐదేళ్లకే పిల్లల్ని తీసుకెళ్లిపోతే పంట కోతకి ముందే పొలం వదిలేసినట్టు. కానీ ఏప్రిల్ వస్తే తొమ్మిది ఇళ్లలోనూ ఒకటే టెన్షన్. నోట్‌బుక్ ఏదీ? నాలుగు గీతల కాపీ రాయగలడా? అడ్మిషన్ ఇంటర్వ్యూలో కూర్చుంటాడా?

దీని మీద నాకూ అసిస్టెంట్ టీచరుకీ గట్టిగానే పడింది. రోజూ గంటసేపు బెంచీలేసి రాయిద్దామని ఆమె. అస్సలు వద్దని నేను. ఆఖరికి ఆఖరి మూడు వారాలు, పదకొండుంపావు తర్వాత పావుగంట, ఆ తొమ్మిది మందికి మాత్రమే గీతల పుస్తకం అని రాజీపడ్డాం. ఆమె చెప్పిందే సరైందని ఇప్పుడు ఒప్పుకుంటాను. పిల్లలకి అదో కొత్త మెటీరియల్ లాగే ఉంది, ఏడవలేదు. నేను పట్టుబట్టినవి వేరే: తెలియని టీచరుని బాత్రూంకి వెళ్తానని అడగడం, టిఫిన్ బాక్సు మూత తనే తీసుకోవడం, సంచి తనే మోయడం. పక్క వీధి బడివాళ్లు ఒక పూట మమ్మల్ని ఒకటో తరగతిలో కూర్చోనిచ్చారు. గంట మోగినప్పుడు మా తొమ్మిది మందీ తలెత్తి చూశారు, ఎందుకు మోగిందో ఎవరికీ అర్థం కాలేదు. మా గదిలో గంట లేదు.

చివరి వారం గది అప్పగింతలు. వెళ్లిపోయే పిల్లలు తమ తమ పనుల్ని చిన్నవాళ్లకి అప్పజెప్పారు. ఇత్తడి చెంబులు చింతపండుతో తోమడం ఒకరికి, తులసి మొక్కకి నీళ్లు ఇంకొకరికి. పూసలు కడిగి ఆరబెట్టి లెక్కపెట్టాం. పింక్ టవర్‌లో కొత్తగా కొన్న చిన్న ఘనం ఉంది. బాణాల పెట్టె గొలుసు పాప తనే లెక్కపెట్టింది, 109 ఉన్నాయంది. నేను మళ్లీ లెక్కపెట్టలేదు.

జూలైలో తొమ్మిది ఇళ్లకీ ఫోన్ చేశాను. ఎక్కువమంది కుదురుకున్నారు. అక్షరాల పెట్టె బాబు నోట్‌బుక్‌లో ఎర్ర ఇంకు ఉందట, వాళ్ల నాన్నగారు నవ్వుతూ చెప్పారు, దెప్పలేదు. వత్తులు వచ్చేస్తున్నాయట. గొలుసు పాప సంగతే కాస్త కష్టంగా ఉంది. డైరీలో టీచరు రెండుసార్లు "కుదురుగా కూర్చోదు, మధ్యలో లేచి తిరుగుతుంది" అని రాశారట. మూడు రోజులు ఒకే పని చేసిన పిల్ల. వాళ్లమ్మ "మీరే అలవాటు చేశారండీ" అన్నారు. అవును, మేమే. తన పని తనే ఎంచుకుని చేసే పిల్లని, ఎవరో ఇచ్చిన పని వాళ్లు ఆపమన్నప్పుడు ఆపే చోటికి పంపేముందు ఇంకేదో చెయ్యాలి. అదేంటో ఈసారి ఫిబ్రవరిలోనే మొదలుపెట్టి చూడాలని నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నాను.

అన్నట్టు, జూన్‌లో బడి తెరిచిన రోజున టికెట్ బాబు తిన్నగా గొలుసుల షెల్ఫు దగ్గరికి వెళ్లి బాణాల పెట్టె తీయబోయాడు. అది ఇప్పుడే కాదని చెప్పి, వేరే షెల్ఫు నుంచి స్పిండిల్ బాక్స్ చూపించాను, 45 కర్రలు, సున్నా నుంచి తొమ్మిది దాకా అరలు, ఏ అంకె అరలో అన్ని కర్రలు వేయాలి. కాసేపు వెళ్లొచ్చి చూస్తే అరలు ఖాళీ. పది మంది పిల్లలు చేతుల్లో తలో నాలుగు కర్రలు పట్టుకుని నిలబడి ఉన్నారు, వాడు ఇంకా పంచుతున్నాడు.